మాత్ర ఒక్కసారిగా ఆపితే ముప్పే

నీళ్లకు గాలి ఎక్కించే ఏరియేటరు ఆగితే తెల్లారేసరికి రొయ్య తేలిపోతుందన్న భయంతో రాత్రంతా చెరువు గట్టు మీద గడిపే నెల్లూరు తీరపు రైతుకు నిద్ర కరువవడంలో వింత లేదు. 2025 ఆగస్టులో మన సరుకులపై అమెరికా సుంకం 50 శాతానికి చేరినప్పుడు అప్పుల లెక్కలు వేసుకున్న కౌలుదారుకూ అంతే. అలాంటివారికి డాక్టరు రాసే ఆల్ప్రజోలామ్, క్లోనాజెపామ్ మాత్రలు కొద్దిరోజులకు పరిమితమైతే మేలే చేస్తాయి. అడిగే దిక్కులేకుండా నెలల తరబడి మింగడం ఒక ప్రమాదం. భయపడో, విసిగో, స్ట్రిప్పు అయిపోయో ఒక్కరోజులో ఆపేయడం అంతకు మించిన ప్రమాదం. మొదటిదాని గురించి కాస్తో కూస్తో మాట్లాడుతున్నాం. రెండోదాన్ని పట్టించుకోవడం లేదు.

ఈ మాత్రలు మెదడును నెమ్మదిపరిచే గాబా అనే రసాయనం పనిని పెంచుతాయి. రోజూ వేసుకుంటే మెదడు ఆ ఆసరాకు అలవాటుపడుతుంది. అది హఠాత్తుగా పోతే గుండెదడ, చెమటలు, చేతుల వణుకు, నిద్రలేమి మొదలవుతాయి. ముదిరితే ఫిట్స్, మతి చలించడం, ఒక్కోసారి మరణం. రోజూ వాడితే కొద్ది వారాల్లోనే, ఒక్కోసారి అంతకంటే ముందే శరీరం వీటిపై ఆధారపడవచ్చంటూ అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2020 సెప్టెంబరులో ఈ తరగతి మందులన్నిటిపైనా తీవ్ర హెచ్చరిక ముద్రించమంది. మాత్ర ఆపినప్పుడు వచ్చే బాధలను పాత జబ్బు తిరగబెట్టడమనుకుని మళ్లీ మాత్రకో, మద్యం సీసాకో చేయి చాచేవారుంటారు.

మత్తు హఠాత్తుగా ఆగిపోవడం తెలుగు నేలపై ఊళ్లకు ఊళ్లు అనుభవించిన బాధ. 2015 సెప్టెంబరులో కల్తీ కల్లుపై దాడులు ముమ్మరం కాగానే నిజామాబాద్, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో ఎందరో వణుకుతో, ఫిట్స్‌తో, పొంతనలేని మాటలతో ఆసుపత్రులకు చేరారు. కల్లులో కలిపే డైజెపామ్, ఆల్ప్రజోలామ్‌లకు అలవాటుపడ్డ శరీరాలవి. కల్తీని అరికట్టాల్సిందే. వైద్యం సిద్ధం చేసుకోకుండా సరఫరా తెంచితే ఏమవుతుందో ఆ నెల చూపింది.

నెల్లూరు తీరంలో సరఫరా తెగడానికి దాడులే అక్కర్లేదు. జువ్వలదిన్నె నుంచి కృష్ణపట్నం దాకా వేటకెళ్లే మత్స్యకారుడు రోజుల తరబడి నీళ్ల మీదే ఉంటే మందుల షాపు అందదు. నడిసంద్రంలో ఫిట్స్ వస్తే 108 రాదు. 2021 నవంబరులో పెన్నా పొంగి పడుగుపాడు దగ్గర రైలు కట్ట కొట్టుకుపోయింది, జాతీయ రహదారి తెగింది. అలాంటి రోజుల్లో తుపాను షెల్టరులో కూర్చున్న రోగి చేతిలో రెండే మాత్రలుంటే? తుపాను హెచ్చరిక రాగానే సర్దుకునే సంచిలో ఆధార్ కార్డుతో పాటు మందుల చీటీ, కనీసం రెండు వారాల మాత్రలు ఉండాలి.

వాడుతున్నంత కాలం దుష్ప్రభావాలనూ తేలిగ్గా తీసుకోకూడదు. పగటి మత్తు, తూలుడు, మతిమరుపు ఉన్నవాళ్లు పడవ ఇంజను, బండి హ్యాండిలు పట్టకూడదు. పెద్దవాళ్లు రాత్రి లేచి పడితే తుంటి విరుగుతుంది. మద్యం, ట్రమడాల్ నొప్పి మాత్ర, కోడీన్ దగ్గు సిరప్ తోడైతే ఊపిరే మందగిస్తుంది. నీళ్లలో పనిచేసేవారికి గజ్జల్లో తామర మామూలే. దానికి వాడే ఇట్రకోనజోల్ ఆల్ప్రజోలామ్‌ను ఒంట్లోంచి త్వరగా పోనివ్వదు. రెండూ కలిపి వాడకూడదు. చర్మం డాక్టరు దగ్గర నిద్రమాత్ర సంగతి దాచడం ప్రమాదం.

మరి మానేదెలా? నెమ్మదిగా, డాక్టరు కనుసన్నల్లో. మొదటి మెట్టుగా మోతాదులో 5 నుంచి 10 శాతం తగ్గించి, రెండు నుంచి నాలుగు వారాలు ఆగి చూడమని 2025లో వెలువడిన అమెరికా వైద్యసంఘాల మార్గదర్శకాలు చెబుతున్నాయి. రెండు వారాల్లో 25 శాతం మించి తగ్గించవద్దన్నాయి. ఏళ్లుగా వాడినవారికి నెలలు, అవసరమైతే ఏడాది పైనే పట్టవచ్చు. మధ్యలో బాధ పెరిగితే ఉన్న మెట్టు మీదే ఆగొచ్చు. అందులో ఓటమేమీ లేదు. మోతాదు తగ్గిద్దామని నెమ్మదిగా విడుదలయ్యే రకం మాత్రను విరిచి మింగకూడదు. ఫిట్స్ వచ్చినా, లేనివి కనబడినా, వినబడినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

చీటీ లేకుండా ఈ మాత్రలు దొరకడం చట్టం లేక కాదు. ఆల్ప్రజోలామ్, డైజెపామ్ 2014 మార్చి నుంచి అమల్లో ఉన్న, ఔషధ నిబంధనల షెడ్యూల్ హెచ్1లో ఉన్నాయి. చీటీ రాసిన డాక్టరు పేరు, రోగి పేరు, ఇచ్చిన పరిమాణం షాపువాళ్లు రిజిస్టరులో రాసి మూడేళ్లు దాచాలి. ఔషధ నియంత్రణ అధికారులు ఆ రిజిస్టర్లు తెరిచి చూడాలి. అయితే తనిఖీ పేరుతో రాత్రికి రాత్రి అమ్మకం బిగిస్తే ఇన్నాళ్లూ చీటీ లేకుండా వాడినవారు 2015 నాటి స్థితిలో పడతారు. అందుకే తనిఖీలకు ముందే తీర మండలాల ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల డాక్టర్లకు మోతాదు తగ్గించే పద్ధతిలో శిక్షణ ఇవ్వాలి. నెల్లూరు ప్రభుత్వ వైద్య కళాశాల మానసిక వైద్యులు నెలకోసారైనా అక్కడికి వెళ్లాలి. తెలుగులోనూ పలికే మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలి మానస్ నంబరు 14416ను ప్రతి మందుల షాపు గోడపై రాయించాలి. వైద్యం ముందు, తనిఖీ తర్వాత. ఈ క్రమం తప్పితే మందు కంటే దాన్ని అరికట్టే తీరే ఎక్కువ ప్రాణాలు తీయొచ్చు.