ఇస్తినమ్మ తాళంచెవి

దసరా రోజుల్లో మైసూరులో హోటల్ గది దొరకడం గగనం. దొరికినా దాని అద్దె మామూలు రోజుల్లోలా ఉండదు. రాజప్రాసాదం దాదాపు లక్ష బల్బులతో వెలిగిపోయే ఆ రోజుల్లోనే, రద్దీ పడలేక నాలుగు రోజులు ఎటైనా వెళ్లొస్తే బాగుండుననుకునే మైసూరువాసులూ ఉంటారు. అదే సమయంలో విశాఖపట్నంలో ఒక కేంద్ర ప్రభుత్వోద్యోగి పిల్లలకు జంబూ సవారీ చూపించాలనుకున్నారనుకోండి. ఎల్‌టీసీ కింద రైలు చార్జీలు వస్తాయి. బస ఖర్చు మాత్రం రాదు. సముద్రానికి దగ్గర్లో ఉన్న ఆయన ఇల్లేమో ఆ వారమంతా తాళంతోనే ఉంటుంది. మైసూరు కుటుంబం ఆ ఇంట్లో, ఈయన కుటుంబం వాళ్లింట్లో దిగితే?

ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. సెలవులు ఎక్కువ, జీతం తక్కువ అయిన యూరప్ ఉపాధ్యాయులు 1953లోనే ఇంటర్‌వాక్ పేరిట ఇళ్ల మార్పిడికి శ్రీకారం చుట్టారు. 1992లో అమెరికాలో మొదలైన హోమ్‌ఎక్స్ఛేంజ్ దాన్ని ఇంటర్నెట్‌కు ఎక్కించింది. ఇంగ్లండ్ అమ్మాయి, లాస్ ఏంజిలెస్ అమ్మాయి ఇళ్లు మార్చుకునే హాలీవుడ్ చిత్రం ‘ది హాలిడే’ (2006) దాన్ని ఇంటింటి ముచ్చటగా మార్చింది. ఇద్దరూ ఒకేసారి ప్రయాణం కట్టడం ఒక పద్ధతి. ఈసారి మీరు, వీలున్నప్పుడు వాళ్లు అనుకోవడం మరొకటి. అతిథికి ఇల్లిచ్చి పాయింట్లు కూడబెట్టుకుని, వాటితో వేరే ఊళ్లో వేరొకరి ఇంట్లో దిగే ఏర్పాటూ ఉంది.

రైలు టికెట్లు తీసుకోకముందే, కనీసం నాలుగైదు నెలల ముందు కబురు మొదలుపెట్టడం మంచిది. ఇంటి ఫొటోలు ఉన్నది ఉన్నట్టుగా ఉండాలి. లిఫ్ట్ లేని మూడో అంతస్తయితే ఆ మాట ముందే చెప్పాలి. మోకాళ్ల నొప్పులున్న పెద్దావిడ మెట్ల దగ్గరకొచ్చాక తెలుసుకోవాల్సిన విషయం కాదది. వీడియో కాల్‌లో రెండు కుటుంబాలూ ఒకటికి రెండుసార్లు మాట్లాడుకోవాలి. ఆ తర్వాత అన్నీ కాగితం మీద పెట్టుకోవాలి: తేదీలు, వచ్చేవాళ్ల సంఖ్య, గ్యాస్, కరెంటు ఖర్చు, స్కూటర్ వాడుకోవచ్చా లేదా, పనిమనిషికి జీతం ఎవరివ్వాలి, గాజుసామాను పగిలితే ఏం చేయాలి. బంగారం, దస్తావేజులు బ్యాంకు లాకర్లోకో, తాళం వేసిన గదిలోకో చేరాలి.

నియమాల సంగతీ చూసుకోవాలి. అద్దె ఇల్లయితే యజమాని అనుమతి తప్పనిసరి. అపార్టుమెంటయితే సంఘానికి, వాచ్‌మన్‌కు ముందే చెప్పాలి. వచ్చేది విదేశీయులైతే 24 గంటల్లోగా విదేశీయుల నమోదు అధికారికి తెలియజేయాలి. ఈ నిబంధన హోటళ్లకే పరిమితం కాదు. ఇక ఇంటి బీమా పాలసీని ఒకసారి చదవాలి. దొంగతనానికి పరిహారం సాధారణంగా తాళం పగలగొట్టి వచ్చిన వాళ్ల విషయంలోనే దక్కుతుంది. తాళంచెవి మీరే ఇచ్చాక ఆ వాదన నిలవదు.

అయితే మన దేశంలో అసలు చిక్కు బీమాతో కాదు, వంటింటితో. సోఫా ఇవ్వడానికి అభ్యంతరం లేనివారు కూడా పొయ్యి దగ్గరకొచ్చేసరికి తటపటాయిస్తారు. మాంసం వండుతారా అని అడగడంలో తప్పులేదు. అడగకపోవడమే తప్పు. చేపలు వండుకోవాలంటే విడిగా గిన్నెలుంటాయని చెప్పొచ్చు, వద్దనుకుంటే వద్దనీ చెప్పొచ్చు. కానీ చాలాసార్లు ఆ ప్రశ్న అక్కడితో ఆగదు. ‘మీ ఇంటిపేరు ఏమన్నారు?’ అంటూ మెల్లగా కులం దగ్గరకు చేరుతుంది. ఎంత చదువుకున్న ఇల్లయినా ఈ పరీక్షలో తడబడుతుంది. తిండి అలవాటు గురించి అడగడం ఏర్పాటు కోసం. పుట్టుక గురించి అడగడం గడప దగ్గరే నిలబెట్టడానికి. రెండో ప్రశ్న నాలుక చివరిదాకా వచ్చేవాళ్లు హోటల్లో దిగడమే ఉభయులకూ మంచిది.

ఈ గడప దాటినవారికి దక్కేది మిగిలిన హోటల్ డబ్బు ఒక్కటే కాదు. పరాయివాళ్లు వస్తున్నారంటే ఇంటాయన ఏళ్ల తరబడి కారుతున్న కొళాయిని చివరికి బాగుచేయిస్తారు. గీజర్ స్విచ్ రెండుసార్లు నొక్కాలని, నీళ్లు ఏ వేళకు వస్తాయో, మందుల షాపు ఎక్కడుందో, రాత్రివేళ పిలిస్తే పలికే పక్కింటివాళ్లెవరో ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్‌కు అంటిస్తారు. అవతలి ఊళ్లో పిల్లలు వేరొకరి పుస్తకాల అలమర తిరగేస్తారు, పాలబ్బాయితో వచ్చీరాని కన్నడంలో మాట్లాడతారు. గైడు చూపించని మైసూరు వాళ్లకు వీధి చివర కూరగాయల బండి దగ్గర కనబడుతుంది.

తిరిగొచ్చేనాటికి ఇల్లు అప్పగించినట్టే ఉండాలన్నది ఒప్పందం. ఊడ్చిన గదులు, ఉతికిన దుప్పట్లు, ఖాళీ చేసిన చెత్తబుట్ట. మంచి అతిథులు ఇంకొక్కటి కూడా చేస్తారు. రాత్రి రైలు దిగి వచ్చేవాళ్ల కోసం ఫ్రిజ్‌లో ఒక పాలప్యాకెట్, చిన్న గిన్నెలో కాస్త తోడు పెట్టి వెళతారు.