తెల్ల కాగితం మీద సంతకం పెట్టకండి!

2023లో వరలక్ష్మీ వ్రతం వెళ్లిన మర్నాడు పొద్దున్నే ఒకమ్మాయి మా ఇంటికొచ్చింది. కోనసీమలో రాజోలు దగ్గర పల్లెటూరు వాళ్లది. చేతిలో ప్లాస్టిక్ సంచి, సంచిలో ఎక్స్‌రేలు, వెనకాల భర్త. అతని కుడి చేతికి పెద్ద కట్టు. కూర్చోమంటే అతను కూర్చోలేదు. గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. ఆ అమ్మాయే చెప్పుకొచ్చింది.

"ఈయన చమురు బావి దగ్గర రిగ్గు మీద పని చేస్తారండి. కాంట్రాక్టరు కింద. రెండు నెలల కిందట రాత్రి డ్యూటీలో పైపులు బిగిస్తుంటే చెయ్యి ఇరుక్కుపోయిందండి. బొటనవేలు తప్ప నాలుగూ తీసేశారు. కాంట్రాక్టరు గారు మంచోరేనండి, ఆస్పత్రి బిల్లు ఆయనే కట్టారు. ఇప్పుడు అరవై వేలు ఇస్తామంటున్నారు. ఈ కాయితం మీద సంతకం పెట్టమన్నారండి. పెట్టెయ్యమంటారా?"

కాగితం తీసుకుని చూశాను. అడుగున రెవిన్యూ స్టాంపు, దాని పక్కన 'సాక్షులు' అని రెండు గీతలు. పైనంతా ఖాళీ!

"నీ భర్త వయసెంతమ్మా? జీతమెంత?" అని అడిగాను. ముప్ఫై నిండాయట. చేతికి పద్దెనిమిది వేలు వస్తాయట. మీరు పాలవాడి లెక్క చూసుకున్నట్టే నాతోపాటు ఈ లెక్క కూడా ఒకసారి చూడండి. ఇందులో బ్రహ్మవిద్య ఏమీ లేదు.

పనిలో దెబ్బ తగిలిన వారికి యజమాని నష్టపరిహారం ఇవ్వాలని మన దేశంలో 1923 నుంచీ చట్టం ఉంది. మనిషి పూర్తిగా పనికి దూరమైతే నెల జీతంలో 60 శాతాన్ని, వయసును బట్టి చట్టంలోనే వేసిన ఒక అంకెతో హెచ్చవేస్తారు. ముప్ఫై ఏళ్లకి ఆ అంకె 207.98. వయసు పెరిగేకొద్దీ తగ్గుతుంది, నలభైకి 184.17. జీతం ఎంత ఉన్నా లెక్కలోకి 15,000 వరకే తీసుకోవాలని 2020 జనవరిలో పరిమితి పెట్టారు. అంటే ఇతని విషయంలో 9,000 ఇంటూ 207.98... మొత్తం 18,71,820 రూపాయలు. ఒక చేతి నాలుగు వేళ్లూ పోతే సంపాదనా శక్తి సగం పోయినట్టని ఆ చట్టం పట్టికలోనే రాసి ఉంది. కాబట్టి అందులో సగం, 9,35,910 రూపాయలు. ఆస్పత్రి ఖర్చు దీనికి అదనం, ఇందులోంచి కోసెయ్యడానికి వీల్లేదు.

తొమ్మిది లక్షల చిల్లర ఎక్కడ, అరవై వేలెక్కడ! ఆ అమ్మాయి రెండుసార్లు అడిగింది, "నిజమేనాండి?" అని.

రిగ్గు అనగానే మనలో చాలామందికి 1995 నాటి పాశర్లపూడి గుర్తొస్తుంది. జనవరి 8న బావి పేలి, అంటుకున్న మంట 65 రోజులు ఆరలేదు. పత్రికలన్నీ రాశాయి. కానీ రాత్రి డ్యూటీలో వేళ్లు నలిగినవాడి గురించి, వేడి బురద మీద పడి కాళ్లు కాలినవాడి గురించి, నిచ్చెన మీంచి జారి నడుం విరిగినవాడి గురించి ఏ పత్రిక రాస్తుంది? అవి ఇంట్లోనే, ఇంటావిడ కళ్లముందే ఉండిపోతాయి. అందుకే ఈ వారం ఈ సంగతి మీతోనే చెబుతున్నాను.

ఇంతకీ ఆ కాగితం మీద సంతకం పెడితే ఏమవుతుంది? పరిహారం వద్దని రాసిచ్చినా చట్టం ముందు అది చెల్లదు. ఇరువైపులా ఒక మొత్తానికి ఒప్పుకున్నా ఆ ఒప్పందాన్ని నష్టపరిహార కమిషనరు దగ్గర నమోదు చేయించాలి. మొత్తం మరీ తక్కువైతే నమోదు చెయ్యననే అధికారం ఆయనకుంది. చెల్లదు కదా అని ధీమాగా సంతకం పెట్టెయ్యకండి మరి! ఖాళీ కాగితం మీద తరవాత ఏమైనా రాసుకోవచ్చు. 'ఆ రోజు నేను డ్యూటీలో లేను' అని రాస్తే? దాన్ని కాదని రుజువు చెయ్యడానికి మీ చెప్పులరుగుతాయి.

ఈ కమిషనరు ఎక్కడుంటారంటారా? మన జిల్లాల్లో కార్మిక శాఖ అధికారులే ఆ బాధ్యత కూడా చూస్తారు. బావి ఎక్కడున్నా సరే, మీరు కాపురముంటున్న చోటి కమిషనరు దగ్గరే దరఖాస్తు పెట్టుకోవచ్చు. భర్త అస్సాంలో దెబ్బ తిన్నా మీరు పిల్లల్నేసుకుని అస్సాం పోనక్కర్లేదు. ప్రమాదం జరిగిన రెండేళ్లలోగా మాత్రం పెట్టాలి. 'చూద్దాం చేద్దాం' అని కాంట్రాక్టరు తిప్పుతుంటే క్యాలెండరు మీద ఒక కన్నుంచండి.

ఇంకో మాట. కాంట్రాక్టరు పేరొక్కటే రాసి ఊరుకోకండి. తన వ్యాపారానికి సంబంధించిన పనిని కాంట్రాక్టుకి ఇచ్చిన పెద్ద కంపెనీ కూడా ఈ పరిహారానికి బాధ్యురాలే. ముందు అది చెల్లించి, కాంట్రాక్టరు దగ్గర రాబట్టుకోవచ్చు. కాంట్రాక్టరుకి బీమా పాలసీ ఉంటే ఆ బీమా కంపెనీని కూడా చేర్చాలి. 'మా కంపెనీ రోల్సులో లేడు' అన్న మాటకి మీరు బెదిరిపోవద్దు.

'హెల్మెట్ పెట్టుకోలేదు', 'తాగి ఉన్నాడు'... ఈ మాటలు తప్పకుండా వస్తాయి. మనిషి చనిపోయినా, శాశ్వతంగా పూర్తిగా పనికి దూరమైనా ఈ కారణాలు చూపించి పరిహారం ఎగ్గొట్టడానికి లేదు. చిన్న గాయాలకి ఆ వాదన ఉంటుంది, కానీ రుజువు చెయ్యాల్సింది వాళ్లు.

పట్టికలో వేళ్లు, కళ్లు, కాళ్లు ఉన్నాయి. బొటనవేలికి 30 శాతం, ఒక కన్నుకి 40. కానీ కాలిన గాయాలు, నడుం దెబ్బలు అలా లెక్క కుదరవు. వాటికి డాక్టరు సర్టిఫికెట్టే ఆధారం. అందులో ఎముక ఎంత విరిగిందో రాస్తే చాలదు. సంపాదించే శక్తి ఎంత శాతం పోయిందో రాయమని డాక్టరు గారిని అడగండి. పట్టికలో ఉన్న గాయమైనా, చేసే పనిని బట్టి ఎక్కువ అడగొచ్చు. ఎడమ చెయ్యి పోయిన వడ్రంగికి ఇక వడ్రంగం లేదు కాబట్టి నష్టం నూటికి నూరని 1975లోనే సుప్రీంకోర్టు ఒప్పుకుంది.

దెబ్బ తగిలి కొన్నాళ్లు మంచంలో ఉండి లేచినవాళ్లకీ చట్టంలో చోటుంది. పదిహేను రోజులకోసారి నెల జీతంలో పాతిక శాతం చొప్పున ఇవ్వాలి.

అడగరాని మాట కూడా అడగాలి. మనిషే పోతే? అప్పుడు 60 బదులు 50 శాతంతో లెక్క. ఆ డబ్బుని యజమాని మీ చేతిలోనో మీ మావగారి చేతిలోనో పెట్టకూడదు, కమిషనరు దగ్గర జమ చెయ్యాలి. ఆయన భార్యకెంత, పిల్లలకెంత, వితంతువైన తల్లికెంత అని పంచుతారు. మైనరు పిల్లల వాటాని బ్యాంకులో వేయించే అధికారం ఆయనకుంది. అప్పులవాళ్లు ఈ సొమ్ముని జప్తు చేయించలేరు, మీరు తాకట్టు పెట్టడానికీ లేదు. దినాలు కాకముందే 'సంతకం పెట్టమ్మా, మేం చూసుకుంటాం' అనే బంధువులు నాకు బాగా తెలుసు. వాళ్లకి ఈ పేరా చూపించండి.

జీతం చీటీలో పి.ఎఫ్. కోత ఉందేమో కూడా చూడండి. ఉంటే భార్యకి పింఛను, దానితో పాటు బీమా సొమ్ము వస్తాయి. 2021 నుంచి ఆ బీమా గరిష్ఠంగా ఏడు లక్షలు. ఈ.ఎస్.ఐ. కార్డు ఉన్నవారికి మాత్రం దారి వేరు, పరిహారం ఈ.ఎస్.ఐ. నుంచే తీసుకోవాలి. కంపెనీ నిర్లక్ష్యం మీద సివిల్ కోర్టులో దావా వేసే హక్కు కూడా ఉంది. అక్కడ ఎక్కువ అడగొచ్చు, ఏళ్లూ ఎక్కువే పడతాయి. రెండు చోట్లా అడగడం కుదరదు, ఏదో ఒకటే. కార్డు లేని కాంట్రాక్టు పనివారికి కమిషనరు దారే మేలని నా అభిప్రాయం.

2025 నవంబరు 21 నుంచి 1923 నాటి చట్టం పోయి, 2020 నాటి సామాజిక భద్రతా స్మృతి అమల్లోకొచ్చింది. లెక్క కట్టే పద్ధతి అదే ఉంచారు. ఇంటి నుంచి పనికి వెళ్తూ, వస్తూ దారిలో జరిగిన ప్రమాదాన్ని కూడా పనికి సంబంధం ఉంటే ఇందులో చేర్చడం మంచి మార్పు. జీతం పరిమితి లాంటి అంకెల్ని ప్రభుత్వం మారుస్తూ ఉంటుంది కనుక దరఖాస్తు పెట్టేనాడు అడిగి తెలుసుకోండి.

మీ వారు గల్ఫులో చమురు పనిలో ఉన్నారా? అక్కడి ప్రమాదానికి అక్కడి చట్టమే. కానీ ఈ.సి.ఆర్. పాస్‌పోర్టు మీద వెళ్లినవారికి ప్రవాసీ భారతీయ బీమా యోజన తప్పనిసరి. ప్రమాదంలో చనిపోయినా, శాశ్వత వైకల్యం కలిగినా పది లక్షలు. ఆ పాలసీ కాపీ ఒకటి ఇంట్లో ఉండాలి. అక్కడి కంపెనీతో రాజీ కాగితం రాసేముందు మన ఎంబసీని అడగమనండి.

ఇక మీ పని. ఇవాళే, వంట అయ్యాక, ఒక పాత చీరల పెట్టె ఖాళీ చెయ్యండి. గేటు పాసు జిరాక్సు, జీతం చీటీలు, జీతం పడే బ్యాంకు పాసుబుక్కు, వయసు రుజువు, కాంట్రాక్టరు పేరు, పెద్ద కంపెనీ పేరు అందులో పెట్టండి. ప్రమాదం జరిగితే ఆస్పత్రి కాగితాల్లో 'పనిలో ఉండగా' అని రాయించండి. 'ఇంటి దగ్గర జారిపడ్డాడు' అని రాయించేవాళ్లున్నారు! యజమానికి స్పీడ్ పోస్టులో నోటీసు పంపి రసీదు దాచండి. చమురు బావి దగ్గర పెద్ద దెబ్బ తగిలితే గనుల భద్రతా శాఖకి కంపెనీ తెలియజెయ్యాలి. మన చట్టాల్లో చమురు బావి కూడా గనే. ఆ కాగితాల నకలు సమాచార హక్కు కింద అడగొచ్చు. వకీలు ఫీజు గురించి జంకకండి. స్త్రీలకీ, కార్మికులకీ జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా వకీలుని ఇస్తుంది. ఫోను నంబరు 15100.

ఆ అమ్మాయి సంగతి చెప్పలేదు కదూ! సంతకం పెట్టలేదు. మూడు నెలల్లో తేల్చాలని చట్టంలో ఉంది గానీ ఏడాదిన్నర పట్టింది. నెలలోగా కట్టకపోతే ఏటా 12 శాతం వడ్డీ ఉంది కనుక ఆలస్యానికి కూడా విలువ దొరికింది. వడ్డీతో కలిపి పది లక్షలు దాటాయి. బీమా కంపెనీ హైకోర్టుకి వెళ్తామంది. వెళ్లాలన్నా ముందు మొత్తం డబ్బు జమ చెయ్యాలి, చేశాక ఎందుకో మానుకుంది.

డబ్బు ఖాతాలో పడ్డాక మళ్లీ ఫోను చేసింది. "బ్యాంకులో ఈయన సంతకం కలవట్లేదంటున్నారండి" అని. కలవదు మరి, కుడి చేతికి వేళ్లేవీ? ఎడమ చేత్తో కొత్త నమూనా సంతకం ఇవ్వమన్నాను. వారం రోజులు రాత్రిపూట పిల్లాడి రెండో తరగతి కాపీ పుస్తకంలో, పిల్లాడి పక్కనే కూర్చుని, పేరు రాయడం నేర్చుకున్నాడట.