ఎడమకాలి పాఠం

తెలుగు పండితునికి ఫుట్‌బాలుతో పనేమిటని మిత్రులు నవ్వవచ్చు. పండిత శిక్షణకు వెళ్ళకముందు, హైదరాబాదులో బి.ఏ. చదివిన మూడేళ్ళూ నేను కళాశాల జట్టులో ఆడినవాడిని. మా శిక్షకుడు మహా కఠినులు. తెల్లవారి ఐదు దాటి ఒక్క నిమిషం ఆలస్యమైనా మైదానం చుట్టూ పది చుట్లు తిరగవలసిందే. గోలు కొట్టినా మెచ్చుకోలు ఉండేది కాదు.

నా ఎడమకాలు బలహీనమని గ్రహించి ఒకనాడు, "రేపటినుండి కుడికాలు ఇంట్లో పెట్టి రా" అన్నారు. నెలరోజులు ఎడమకాలితోనే ఆడించారు. బంతి ఎటో పోయేది. ఆయనను తిట్టుకోని రోజు లేదు.

ఆ పద్ధతి సయ్యద్ అబ్దుల్ రహీం గారిదని తరువాత తెలిసింది. 1951లో ఢిల్లీలోను, 1962లో జకార్తాలోను ఆసియా క్రీడల స్వర్ణం గెలిచిన భారత జట్లకూ, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగవ స్థానంలో నిలిచిన జట్టుకూ శిక్షణనిచ్చిన ఆ హైదరాబాదీ మొదట బడిపంతులే. బలహీనమైన కాలితో మాత్రమే ఆడవలసిన పోటీలను ఆయన ప్రత్యేకంగా నడిపేవారు. జకార్తా ఫైనలులో దక్షిణ కొరియాను 2-1తో ఓడించిన ఏడాది తిరగకముందే, 1963 జూన్‌లో, కాన్సరుతో కన్నుమూశారు.

కఠినులైన గురువుల ప్రస్తావన వస్తే, "ఆ కరకుదనమే మమ్మల్ని మనుషులను చేసింది" అనడం మనలో పరిపాటి. నేనూ చాలాకాలం అట్లాగే నమ్మాను, తరగతిలో అట్లాగే మెలిగాను. గణవిభజన చేతకాని ఒక పిల్లవాణ్ణి నల్లబల్ల ముందు నిలబెట్టి నవ్వులపాలు చేశాను. వాడికి పద్యమంటేనే భయం పట్టుకుంది. పదవ తరగతి ముగిసేదాకా నా ముఖం చూడలేదు.

ఆనాడు నాకు గుర్తు రావలసినవి రెండున్నాయి. నా ఎడమకాలి ఆటను చూసి నవ్వినవారి చేత మా శిక్షకుడు పది చుట్లు పరుగెత్తించారు. సాయంత్రం అందరూ వెళ్ళాక, చీకటిపడేదాకా నాతో మైదానంలో మిగిలింది ఆయనొక్కరే. తప్పిపోయిన బంతిని ప్రతిసారీ తానే పరుగెత్తి తెచ్చి నా ఎడమపాదం ముందు పెట్టేవారు. అప్పటికి ఆయనకు యాభై దాటాయి. నేను ఆయన గొంతును నేర్చుకున్నాను గాని, ఆ పరుగును నేర్చుకోలేదు.

కష్టమైన పని చెప్పడం తప్పని నేననను. శిష్యుడు చేయగలడన్న నమ్మకం ఉన్నవాడే చెబుతాడు. అయితే చెప్పినవాడు దగ్గరుండి చేయించాలి, నలుగురూ నవ్వకుండా కాపాడాలి. ఆ ఓపిక లేని కాఠిన్యం ఒట్టి కోపమే. దానికి క్రమశిక్షణ అన్న పేరు తగదు.

ఆ పిల్లవాడికిప్పుడు నలభై దాటి ఉంటాయి. ఎదురుపడితే, "తప్పు నాది నాయనా" అని చెప్పాలని ఉంది.