గోడ మీద చీటీలు అంటించే ముందు

వర్క్‌షాప్ అనగానే మనకి గుర్తొచ్చేవి మూడు: ఏసీ సెమినార్ హాలు, ఒక పవర్‌పాయింట్, చివర్లో సమోసా-టీ. సర్టిఫికెట్ కూడా ఇస్తే నాలుగు. ఈ వ్యాసం వాటి గురించి కాదు. ఒక ఆఫీసులో రోజూ జరిగే పని ఎక్కడ ఆగిపోతోందో, ఆ పని చేసేవాళ్ళే ఒక గదిలో కూర్చుని వెతుక్కునే వర్క్‌షాప్‌లు వేరే ఉంటాయి. మనలో చాలామంది రేపు ఏదో ఒక కంపెనీలో అలాంటి గదిలో కూర్చుంటాం. కొందరు మార్కర్ పట్టుకుని దాన్ని నడిపిస్తారు కూడా. వాళ్ళని ఉద్దేశించే రాస్తున్నాను. నా మాట మొదటే చెప్పేస్తా: ఆ గదిలో నిజం చెప్పినందుకు ఎవరికీ నష్టం జరగదన్న హామీ పైవాళ్ళ దగ్గర ముందే తీసుకోకపోతే, ఆ వర్క్‌షాప్ పెట్టకపోవడమే మంచిది.

కిందటి సెమిస్టర్‌లో, మినీ ప్రాజెక్ట్ కింద, మా కాలేజీ నో-డ్యూస్ ఫారం మీద ఇలాంటి వర్క్‌షాప్ ఒకటి నడిపాను. ఫైనల్ ఇయర్ వాళ్ళకి ఈ ఫారం గురించి చెప్పక్కర్లేదు, జూనియర్ల కోసం చెప్తున్నా. టీసీ కావాలన్నా, కాషన్ డిపాజిట్ వెనక్కి రావాలన్నా దీని మీద 11 సంతకాలు పడాలి. లైబ్రరీ, ల్యాబులు, హాస్టల్, మెస్, స్పోర్ట్స్, ఎన్‌ఎస్‌ఎస్, అకౌంట్స్, ఎగ్జామ్ బ్రాంచ్... ఇలా. నేను చూసిన ఫారాలకి సగటున 9 రోజులు పట్టింది. పాడేరు నుంచి తెల్లవారుజామున బస్సెక్కి వచ్చినవాడికి ఒక్క సంతకం మిగిలిపోతే మళ్ళీ ఇంకో రోజు రావాల్సిందే. జాయినింగ్ తేదీ దగ్గర పడినవాడి పరిస్థితి ఇంకా ఘోరం. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడని మనం తిట్టుకునేది కౌంటర్‌లో కూర్చున్నవాళ్ళనే.

ఆ కౌంటర్లలో కూర్చునేవాళ్ళనే వర్క్‌షాప్‌కి పిలిచాం. ఆఫీస్ క్లర్కులు ఇద్దరు, లైబ్రరీ నుంచి ఒకరు, అకౌంట్స్ మేడమ్, హాస్టల్ వార్డెన్ సార్, ఇద్దరు ల్యాబ్ టెక్నీషియన్లు, ఒక హెచ్‌ఓడీ, ఫారాలు మోసే అటెండర్ అన్న. మొత్తం 9 మంది. గోడకి పొడవుగా గోధుమరంగు కాగితం అంటించి, అందరికీ చీటీలు పంచాం. ప్రొజెక్టర్ పెట్టలేదు.

అడిగింది ఒక్కటే. "ఫారం ఎలా వెళ్ళాలో రాయొద్దు. మీ టేబుల్ మీదకి ఆఖరుసారి వచ్చిన ఫారం నిజంగా ఎలా వెళ్ళిందో రాయండి." ఈ రెండింటికీ చాలా తేడా ఉంది. ఎలా వెళ్ళాలి అంటే అందరూ సర్క్యులర్‌లో ఉన్నదే చెప్తారు. ఆఖరుసారి ఏమైంది అంటే మేడమ్ సెలవులో ఉన్న సంగతి, స్టాంపు బీరువాలో పెట్టి తాళం వేసిన సంగతి బయటికొస్తాయి.

రెండో జాగ్రత్త మన దగ్గర మరీ ముఖ్యం. హెచ్‌ఓడీ సార్ ఎదురుగా కూర్చుంటే అటెండర్ అన్న నోరు విప్పడు. అది పిరికితనం అనుకోకండి, ఇరవై ఏళ్ళ అలవాటు. అందుకే మొదటి పది నిమిషాలు ఎవరూ మాట్లాడకూడదని పెట్టాం. అందరూ రాయాలి, లేచి అంటించాలి, అంతే. చీటీ మీద పేరుండదు, హోదా ఉండదు. మాట్లాడే వంతు వచ్చినప్పుడు కూడా కింది నుంచి పైకి పిలిచాం. హెచ్‌ఓడీ సార్ ఆఖర్న మాట్లాడారు.

ఫారం కష్టమంతా అటెండర్ అన్నకే తెలుసు. ఏ టేబుల్ మీద పొద్దున పెడితే సాయంత్రానికి కదులుతుందో, ఏ టేబుల్ మీద మర్నాటికి గానీ కదలదో ఆయన వరసగా చెప్పుకుపోయాడు. ఆ వివరం ఏ రిజిస్టర్‌లోనూ లేదు.

మెకానికల్ వాళ్ళు ఇండస్ట్రియల్ ఇంజినీరింగ్‌లో ప్రాసెస్ చార్టు గుర్తులు బట్టీ పట్టే ఉంటారు. పనికి వృత్తం, రవాణాకి బాణం, తనిఖీకి చతురస్రం, ఆలస్యానికి డి అక్షరం, నిల్వకి త్రిభుజం. ఫ్రాంక్, లిలియన్ గిల్‌బ్రెత్ దంపతులు ప్రాసెస్ చార్టు ఆలోచనని అమెరికా మెకానికల్ ఇంజినీర్ల సంఘం ముందు పెట్టింది 1921లో. వందేళ్ళు దాటినా ఆ పద్ధతి పనిచేస్తూనే ఉంది. మా గోడ మీద వృత్తాలన్నీ కలిపితే అరగంట కూడా లేదు. మిగతా 9 రోజులూ బాణాలూ, డీలే.

ఇక్కడే జాన్ లిటిల్ 1961లో నిరూపించిన సూత్రం పనికొచ్చింది. వ్యవస్థలో సగటున ఎన్ని ఉంటాయంటే, వచ్చే వేగాన్ని ఉండే కాలంతో గుణిస్తే వచ్చినన్ని. రోజుకి 40 ఫారాలు వస్తూ, ఒక్కోటి 9 రోజులు ఉంటే, ఏ రోజు చూసినా 360 ఫారాలు ఏదో ఒక టేబుల్ మీద ఉన్నట్టే. ఈ లెక్క బోర్డు మీద వేశాక అకౌంట్స్ మేడమ్, "అంటే తప్పు నాది కాదన్నమాట" అన్నారు. అందరూ నవ్వారు గానీ, ఆ తర్వాతే ఆవిడ తన పని గురించి మనసు విప్పి మాట్లాడారు.

తర్వాత ఒక్కో సంతకం పట్టుకుని 'ఎందుకు' అని అడుగుతూ పోయాం. టయోటా వాళ్ళు ఐదుసార్లు అడగమంటారు. మాకు చాలాచోట్ల మూడుకే సమాధానం దొరికింది. లైబ్రరీకి ప్రతి విద్యార్థీ ఎందుకెళ్ళాలి? పుస్తకాలు బాకీ లేడని చూడాలి కాబట్టి. అది వాళ్ళ దగ్గర ముందే ఉంటుంది కదా? ఉంటుంది. మరి బాకీ ఉన్నవాళ్ళ జాబితా ఆఫీసుకి ఒకేసారి పంపిస్తే? గదిలో కాసేపు నిశ్శబ్దం. బాకీ లేనివాళ్ళంతా, బాకీ లేదని నిరూపించుకోవడానికి క్యూలో నిలబడుతున్నారని అందరికీ ఒకేసారి అర్థమైంది. లైబ్రరీ, ల్యాబులు, స్పోర్ట్స్, ఎన్‌ఎస్‌ఎస్ జాబితాలోకి మారాయి. అకౌంట్స్, హాస్టల్ సంతకాలు మారలేదు. ఆడిట్‌కి కాగితం కావాలన్నారు, అందులో న్యాయం ఉంది.

"ఇదంతా ఎందుకు బాస్, ఒక యాప్ చేసేస్తే పోలా?" అని మన సీఎస్‌ఈ మిత్రులు అడుగుతారు. ఆ 11 సంతకాలనీ అలాగే యాప్‌లో పెడితే, ఫారం టేబుల్ మీద కాకుండా లాగిన్‌లో ఆగుతుంది. 1990లో మైకేల్ హామర్ హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో ఫోర్డ్ కంపెనీ ఉదాహరణ ఇచ్చాడు. ఉత్తర అమెరికాలో ఫోర్డ్‌కి బిల్లులు చెల్లించే విభాగంలో 500 మందికి పైగా ఉండేవారు. కంప్యూటర్లు పెట్టి 400కి తెద్దామనుకున్నారు. తీరా చూస్తే మాజ్డాలో ఆ పనికి ఉన్నది 5 మంది. అప్పుడు పద్ధతినే మార్చారు. సరుకు వచ్చిందని కంప్యూటర్‌లో ఆర్డర్‌తో సరిపోల్చుకుంటే చాలు, ఇన్‌వాయిస్ లేకుండానే డబ్బు కట్టేశారు.

మన పాఠాల్లో ఈ కథని ఇక్కడితో ఆపేస్తారు. నాకు మిగిలిన ప్రశ్న వేరు. ఆ విభాగంలో నాలుగింట మూడొంతుల ఉద్యోగాలు తగ్గాయి. ఏ చీటీ ఎక్కడ ఆగుతుందో చెప్పగలిగింది ఆ పని చేసినవాళ్ళే కదా? తన పని అనవసరమని తన చేత్తోనే రాసి గోడకి అంటించమని మనిషిని అడుగుతున్నప్పుడు, ఆ తర్వాత ఏమవుతుందో చెప్పాల్సిన బాధ్యత అడిగేవాడికి లేదా?

మా అటెండర్ అన్న కూడా అదే అడిగాడు. "ఫారాలు మోసే పని లేకపోతే నన్నేం చేస్తారు సార్?" ఆయన కాంట్రాక్టు మీద పనిచేస్తున్నాడు. ఆ ప్రశ్నకి జవాబు మా దగ్గర సిద్ధంగా ఉంది. వారం ముందే మా గైడ్ మేడమ్, నేను ప్రిన్సిపాల్ సార్‌ని కలిసి, దీని వల్ల ఎవరి పనీ పోదని రాతపూర్వకంగా తీసుకున్నాం. ఆ కాగితం చదివి వినిపించాకే ఆయన బాణాలన్నీ బయటపెట్టాడు.

"ఫెసిలిటేటర్ తటస్థంగా ఉండాలి, ఈ హామీల గొడవ మేనేజ్‌మెంట్‌ది" అనేవాళ్ళున్నారు. పరిష్కారాల విషయంలో తటస్థత సరే. కానీ గదిలో ఒకరు జీతం ఇచ్చేవాళ్ళు, ఇంకొకరు ఆ జీతం మీద బతికేవాళ్ళు అయినప్పుడు, ఏమీ అడక్కుండా ఊరుకుంటే లాభం ఎవరికో వేరే చెప్పాలా? పైగా ఇది కేవలం మంచితనం కూడా కాదు. భయపడినవాడు సర్క్యులర్‌లో ఉన్నదే రాస్తాడు. మీరు గోడ నిండా అబద్ధాలు అంటించుకుని, వాటి మీద సాఫ్ట్‌వేర్ కడతారు.

హామీ ఎప్పుడూ దొరుకుతుందని నేననను. కంపెనీలో కొత్తగా చేరినవాడు మేనేజర్‌ని ఇలా అడగడం తేలిక్కాదు. కానీ ఒక మాట అడగొచ్చు: "దీని వల్ల మిగిలే మనుషుల సమయాన్ని ఏం చేయబోతున్నారు?" జవాబొస్తే అది అందరి ముందూ చెప్పమనండి. రాకపోతే చీటీలు పంచొద్దు.