ఇద్దరి కూడు కాదు, ఒక్క సుగర్ పరీక్ష

పిల్ల కడుపుతో ఉందని తెలిస్తే చాలు, మన ఇండ్లల్లో రెండు మాటలు మొదలు. "ఇద్దరి కూడు తినాలమ్మా." "కదలగాకు, పండుకో." ప్రేమతోనే అంటారు. ఒకప్పుడు ఆ మాటలకు అర్థముండె. కరువు సీమలో ఆడమనిషి అందరూ తిన్నాక మిగిలింది తిని పనికి పోతాండె. ఆయమ్మకు ఇంకో ముద్ద దక్కాలనే పెద్దోళ్లు అట్ల చెప్పిండేది.

ఇప్పుడు పని మారింది. ధర్మవరంలో మగ్గం ముందర, హిందూపురం పక్క గార్మెంట్స్‌లో మిషన్ ముందర పొద్దస్తమానం కూచునే పనే. పెనుకొండ పల్లెల్లో శెనక్కాయ చేను పని ఏడాదికి కొన్ని నెలలే. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడండి: ఆంధ్రలో 15–49 ఏండ్ల ఆడోళ్లలో 36.3 శాతం మందికి అధిక బరువు. 58.8 శాతం మందికి రక్తహీనత. ఒకే ఊర్లో, ఒక్కోసారి ఒకే మనిషిలో రెండూ ఉంటాయి. తెల్లన్నంతో కడుపు నిండుతాంది గానీ రక్తం పట్టడం లేదు.

దీనికీ బిడ్డ గుండెకూ సంబంధమేంది? బిడ్డ గుండె మొదటి ఎనిమిది వారాల్లోనే రూపు కడుతుంది. అప్పటికే తల్లికి బరువు బాగా ఎక్కువున్నా, సుగరున్నా పుట్టుకతో గుండెలోపం వచ్చే ముప్పు పెరుగుతుంది. కడుపుతో ఉన్నప్పుడు వచ్చే సుగర్‌ను వదిలేస్తే, ఆ బిడ్డకు ముందుముందు ఊబకాయం, సుగర్ వచ్చే ముప్పుంది. గుండెజబ్బుకు దారులు అవే. ముప్పు అంటే ఖాయమని కాదు. లావున్న తల్లులకు గూడా ఎక్కువమందికి ఆరోగ్యమైన బిడ్డలే పుడతారు. కాబట్టి ఆయమ్మను ఆడిపోసుకోవద్దు.

అట్లని పస్తులు పెట్టొద్దు. మైసూరులో పాత ఆస్పత్రి రికార్డుల్లోని బిడ్డల బరువులు చూసి, వాళ్లనే పెద్దయినాక పరీక్షించినారు. తక్కువ బరువుతో పుట్టినోళ్లలో గుండెజబ్బు ఎక్కువ కనపడింది. 1996లో అచ్చయిన లెక్క అది. చిక్కినా నష్టమే, మితిమీరి లావైనా నష్టమే.

మన జిల్లాలో పుట్టపర్తి పెద్దాస్పత్రి 1991 నుంచి పైసా తీసుకోకుండా గుండె ఆపరేషన్లు చేస్తాంది. అది మనకు గొప్పే. అయితే బిడ్డ ఎదకోతకు అంత దూరం పోయే మనం, తల్లికి సుగర్ పరీక్ష చేపించను పక్కనుండే పీహెచ్‌సీకి ఎందుకు పోము?

పరీక్ష సులువు. 75 గ్రాముల గ్లూకోజ్ నీళ్లలో కలిపి తాగాల. రెండు గంటలకు రక్తం చూస్తారు. 140 వచ్చినా, దాటినా జాగ్రత్త పడాల. మొదటిసారి పోయినప్పుడొకసారి, 24–28 వారాల మధ్య ఇంకోసారి చేయాలని సర్కారు నియమమే ఉంది. ప్రతి నెలా 9వ తేదీ ప్రభుత్వాస్పత్రుల్లో గర్భిణులకు ఉచితంగా డాక్టర్ చూస్తారు. "గ్లూకోజ్ ప్యాకెట్ లేదు, రేపు రాండి" అంటే ఊరుకోవద్దు. అడగడం మన హక్కు.

తమ్ముళ్లూ, ఇది ఆడోళ్ల పనని తప్పుకోవద్దు. 9వ తేదీన బండి తీయండి. పెండ్లైన కొత్తల్లోనే ఫోలిక్ ఆసిడ్ మాత్రల గురించి ఏఎన్ఎమ్మును అడగండి. ముద్ద తగ్గించి పప్పు, ఆకుకూర, గుడ్డు పెంచండి. మగ్గం మింద గంటకొకసారి ఆయమ్మను లేపండి. డాక్టర్ వద్దనకుంటే రోజూ అరగంట నడవాల. ఒంటరిగా నడిస్తే ఊరు నవ్వుతుందని ఆయమ్మకు భయముంటే, మీరూ పక్కన నడవండి.

గార్మెంట్స్ యజమానులను మనం అడగాల్సింది ఒకటే: కడుపుతో ఉండే కార్మికురాలికి 9వ తేదీన జీతం కోయని సెలవు. బిడ్డ గుండె ముందర ఒక్కరోజు కూలీ ఎంతప్పా?