ర్యాంకు గణితము, కళాశాల గణితము

ఏటేట వేసవి చివరను మన యూళ్లలో ర్యాంకుల పండుగ జరుగుచుండును. బాలబాలికల చిత్రములు గోడలకెక్కును, బస్సులకెక్కును, దినపత్రికల మొదటిపుటలకెక్కును. తల్లులు పొరుగిండ్లకు మిఠాయి పంపుదురు. ఆ పండుగ ముగిసి యేడాదియైనను నిండకమునుపే, ఆ పిల్లలలో ననేకులు ఇంజనీరింగు కళాశాలలో మొదటి గణితపత్రమున తప్పి, ‘ఎం-వన్ బ్యాక్‌లాగు’ అను క్రొత్త బిరుదముతో నిల్లు చేరుచున్నారు. ఇంటరులో గణితమున నూటికి తొంబదియైదు తెచ్చుకొన్న బిడ్డ గణితముననే యెట్లు తప్పెనని తండ్రి విస్మయపడును. సోమరియయ్యెననియో, వసతిగృహమున చెడుసావాసము పట్టెననియో నిశ్చయించును. ఈ నిశ్చయము అన్యాయమని చెప్పుటకే మేమీ వ్యాసము వ్రాయుచున్నాము. బిడ్డ చెడిపోలేదు. గణితమని చెప్పి రెండేండ్లు మనము వానికి నేర్పించినది గణితము కాదు.

అది యేమియో చూతము. మన ప్రవేశపరీక్షయైన ఎంసెట్టు 180 నిమిషములలో 160 ప్రశ్నలకు జవాబులు గుర్తింపుమని కోరును. (2021లో ఆంధ్రప్రదేశమునను, 2024లో తెలంగాణమునను దీనికి ఈఏపీసెట్టని నామకరణము చేసిరి, మాఱినది పేరు మాత్రమే.) అందు 80 ప్రశ్నలు గణితమువి. ఒక్కొక్క ప్రశ్నకు నిమిషముపైన ఏడెనిమిది సెకనులు. తప్పు జవాబునకు మార్కుల కోతయు లేదు. ఇట్టి పరీక్షకు ఆలోచించువాడు వెనుకబడును. ఏఱుకొనువాడు ముందుకు పోవును. కావున పిల్లలు సమీకరణమును సాధించుట మాని, ఇచ్చిన నాలుగు జవాబులను ఒకదానివెంట నొకటి దానిలో పెట్టిచూచుట నేర్చుచున్నారు. ఇదియు నొక నేర్పే. చౌర్యమును సైతము కళలలో జేర్చిన దేశము మనది. కాని కళాశాలలో మొదటిపరీక్షనాడు ప్రశ్నక్రింద నాలుగు జవాబులుండవు, తెల్లకాగితముండును.

పాఠకులారా, మీ యింట ఈ యేడు కళాశాలలో చేరబోవు బిడ్డయున్నచో ఒక ప్రశ్న యిచ్చి చూడుడు. ఎక్స్ వర్గముచే 1ని భాగింపగా వచ్చు ప్రమేయమును ఋణ 1 మొదలు ధన 1 వఱకు సమాకలనము చేయుమనుడు. బిడ్డ కలము తీసి, కంఠస్థమైన సూత్రమును వేసి, అరనిమిషములో ‘మైనస్ రెండు’ అని చూపును. అప్పుడు మెల్లగ అడుగుడు: ఆ ప్రమేయమెచ్చటనైన సున్నకు దిగువకు దిగినదా? దిగలేదు. దాని విలువ యెల్లెడల ధనమే. అట్లయిన దాని క్రింది వైశాల్యము ఋణసంఖ్య యెట్లయ్యెను? గాదెలోని ధాన్యము కొలువబోయి మైనస్ రెండు కుంచములని తేల్చిన పాలేరు తన కుంచమును శంకింపడా? సున్నయొద్ద ఆ ప్రమేయము మేరలేక పైకి లేచుచున్నది, అచ్చట అవిచ్ఛిన్నత తెగినది, కావున ఆ సూత్రమునకచ్చట అధికారము లేదు. ఇది తెలియనిది మందబుద్ధిచేత కాదు. ‘ఈ సూత్రమెప్పుడు చెల్లును?’ అని యడుగుటకు రెండేండ్లలో నొక్కనాడును వానికి తీరిక యీయలేదు.

రోల్ సిద్ధాంతముగతియు నిదియే. ఇంటరు పుస్తకమున నున్నది. ‘సి’ విలువ కనుగొనుట పిల్లలకు కొట్టినపిండి. ఎక్స్ పరమమూల్యమునకు ఋణ 1 నుండి ధన 1 వఱకు ఆ ‘సి’ యేల దొరకదని యడిగిన మౌనము వహింతురు. కళాశాల గణితము సరిగా నా మౌనమునొద్దనే మొదలగును.

దీనికి పెద్దలు చూపిన మందులును చూచితిమి. 2017లో అఖిలభారత సాంకేతిక విద్యామండలి క్రొత్తవిద్యార్థులకు మూడువారముల ప్రవేశకార్యక్రమమును విధించెను. వ్యాయామము, లలితకళలు, మానవవిలువలు, ఊరు చూచుట, అన్నియు మంచివే. వానితో మాకు జగడము లేదు. 2021లో ఆ మండలియే, ఇంటరులో గణితము చదువనివారికిని ఇంజనీరింగు తలుపు తెఱచి, లోపమును వారధితరగతులతో పూడ్చుకొనుడని విశ్వవిద్యాలయములకు చెప్పెను. దేశమంతట అలజడి పుట్టెను. మా యాక్షేపణ వేఱు. వారధితరగతి యనగా ఇంటరు సూత్రములనే మఱల, మఱింత వేగముగ వల్లింపజేయుట యైనచో, గణితము చదివిన బిడ్డకును చదువని బిడ్డకును దానివలన ఫలమొక్కటే: శూన్యము.

అమెరికాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయమున 1970వ దశకమున యూరీ ట్రీస్మన్ అను గణితజ్ఞుడు, కలనగణితమున తఱచుగ తప్పుచున్న నల్లజాతి విద్యార్థులను, చక్కగ గట్టెక్కుచున్న చైనాసంతతి విద్యార్థులను వెన్నంటి, వారెట్లు చదువుచున్నారో గమనించెను. తప్పువారికి శ్రద్ధ లేదని, ఇంట ప్రోత్సాహము లేదని, పునాది లేదని ఆచార్యులూహించియుండిరి. ఊహ నిలువలేదు. వారు ఒంటరిగ చదువుచుండిరి. గట్టెక్కువారు కలసి కూర్చుండి, ఒండొరుల తప్పులు పట్టుచు చదువుచుండిరి. ట్రీస్మన్ తేలికలెక్కల తరగతి పెట్టలేదు. కఠినములైన లెక్కలనే గుంపులకిచ్చి చర్చింపజేసెను. తప్పుచుండిన వర్గమువారే బాగుగ నుత్తీర్ణులైరి. మన వసతిగృహములలో ప్రక్కవానితో మాటాడిన శిక్ష; ప్రక్కవాడు స్నేహితుడు కాడు, ర్యాంకునకు పోటీదారు. అట్టి పంజరమునుండి వచ్చిన బిడ్డకు మొట్టమొదట నేర్పవలసినది తన తర్కమును మఱియొకనికి వాక్యములలో విప్పిచెప్పుట.

తెలుగుమాధ్యమమున చదివినవారి కష్టము రెట్టింపు. 1968లో నెలకొన్న తెలుగు అకాడమి పుస్తకములలో అవధి, అవకలనము, మాత్రిక యని నేర్చినవాడు కళాశాలలో తొలినాడే తనకు తెలిసినదానినే తెలియనివాడగుచున్నాడు. పావులూరి మల్లన సంస్కృతగణితమును తెలుగుపద్యములలోనికి దెచ్చి తొమ్మిదివందల యేండ్లయినది. రెండుభాషల పదములను ప్రక్కప్రక్కన అచ్చువేసిన రెండుపుటలను చేతికిచ్చుట మన కళాశాలలకు భారమా?

అందఱును గణితశాస్త్రజ్ఞులు కావలెనా యని కొందఱందురు. అక్కరలేదు. కాని తాను గట్టు వంతెన యేభారమువఱకు నిలుచునో, తాను నమ్మిన సూత్రమెచ్చట చెల్లదో యెఱుగని యింజనీరును మనము కోరుచున్నామా?

ప్రవేశపరీక్షకును తరగతుల ప్రారంభమునకును నడుమ రెండుమూడు మాసములున్నవి. ఆ దినములలో బిడ్డను క్రొత్త శిక్షణాలయమునకు తోలకుడు. దినమునకు రెండే లెక్కలు, ప్రతిమెట్టునకు ‘ఏల’ యను కారణము మాతృభాషలోనైనను వ్రాసి, మీకు చదివి వినిపింపుమనుడు. మీకు గణితము రాకున్నను వినుడు. ఎచ్చట తడబడునో మీకు తెలియకపోదు. కళాశాలవారు మొదటి పక్షమున మార్కులులేని వ్రాతపరీక్ష యొకటి పెట్టి, లోపమెవరికెచ్చట నున్నదో కనుగొని, వారమునకు రెండుగంటలు గుంపుచర్చకీయవలెను. కాలపట్టికలో చోటు లేదందురు. తప్పినవారికి మఱల పరీక్ష పెట్టి రుసుము వసూలు చేయుటకు చోటెట్లు దొరకుచున్నది?

మీరును సీటు చూడబోయినపుడు బస్సులను, ఉద్యోగముల సంఖ్యలను అడుగుటతో నిలువకుడు. ప్రథమసంవత్సరమునకు గణితము చెప్పువారెవరు, అనుభవమెంత, తరగతిలో నెందఱని, రుసుము కట్టుటకు మునుపే యడుగుడు.