జాషువ చదివిన చదువు

గుఱ్ఱము జాషువ కవి జీవితమును బాలురకు బోధించునప్పుడు ఉపాధ్యాయులు తఱచుగా నొక సుగమమైన త్రోవ పట్టుచుందురు. పేదయింట పుట్టెను, అంటరానివాడనిపించుకొనెను, క్రైస్తవుల బడి ఆదుకొనెను, కష్టపడి చదివి మహాకవి యయ్యెను, కథ ముగిసినది. ఇందులో అసత్యమేమియు లేదు. తలుపు తెఱచినవారు మాత్రమే కానవచ్చి, మూసినవారు కానరాకపోవుటయే ఇందలి లోపము.

జాషువ 1895 సెప్టెంబరు 28న వినుకొండలో జన్మించెను. తండ్రి వీరయ్య యాదవుడు, తల్లి లింగమ్మ మాదిగ. ఇల్లు క్రైస్తవుల యిల్లు. ప్రార్థనలో మనుష్యులందఱు నొక్కటియని విన్న బాలుడు గడప దాటిన వెంటనే వేఱు మాట వినవలసివచ్చెను. బడిలో తోటిపిల్లలే కాక కొందఱు పంతుళ్లు సైతము చులకన చేసిరి. కులము పేర దూషించినవానిని జాషువ తిరుగబడి కొట్టెడివాడని ప్రసిద్ధి. పాఠము చెప్పువారు ఈ ముక్కను దాటవేయుట యెందులకో! ఓర్పును నేర్పుటకు జాషువ కంటె అనువైన కవులు పెక్కండ్రు కలరు.

మిషను బడిలో నెలకు మూడు రూపాయల జీతముపై పంతులైనాడు. ఆ కొలువు పోయిన పిమ్మట 1915, 16 ప్రాంతమున రాజమహేంద్రవరము చేరి మూగచిత్రములకు వాచకుడయ్యెను. తెరపై బొమ్మ కదలుచుండగా చాటున నుండి కథను, సంభాషణలను చదువుట ఆ పని. పద్యము చదువు గొంతునకు ఇది మంచి సాధనయే యైయుండును. తరువాత గుంటూరులో లూథరను సంఘమువారి ఉపాధ్యాయ శిక్షణాలయమున పదేండ్లు, 1928 నుండి 1942 వఱకు ప్రభుత్వ పాఠశాలలో ఉభయభాషా పండితుడుగా పనిచేసెను. మిషనువారు అక్షరమిచ్చిరి, కొంతకాలము అన్నమును పెట్టిరి. ఆ దినములలో మాదిగబిడ్డకు అక్షరము దొరకు తావులు మఱి యెన్ని యుండెను? ఈ ఋణమును తగ్గించి చెప్పుట అన్యాయము.

అయితే కవిత్వము మాట వేఱు. హిందూదేవతలను గూర్చి పద్యములల్లినాడని క్రైస్తవ పెద్దలు ఆతనిని వెలివేసిరి. వినుకొండలో అవధానసభకు పోయి పద్యములు చదువగా, అంటరానివానిని లోనికెవరు రానిచ్చిరని సభ్యులు కోపించిరి. ఒక గుమ్మమున మతమడ్డము, మఱియొక గుమ్మమున కులమడ్డము. ఇట్టి నడుమనే జూపూడి హనుమచ్ఛాస్త్రిగారు ఆతనికి రఘువంశ, కుమారసంభవములతోపాటు మేఘసందేశమును చెప్పిరి. ఆ పాఠము వ్యర్థము కాలేదు. యక్షుడు ప్రియురాలికి మేఘమును పంపగా, 1941 నాటి 'గబ్బిలము'లో ఆకలిగొన్న అరుంధతీసుతుడు శివునికి గబ్బిలముచేత మొఱ పంపినాడు. క్రైస్తవుల యింట పెరిగినవాడు, కాళిదాసుని పద్ధతిలో, శివునికి చేసిన ఫిర్యాదు అది!

మఱి విశ్వాసము చేసినదేమి? సంఘసభ్యత్వమే విశ్వాసమైనచో అది ఆతనిని కాపాడలేదు. కాని వెలివేయబడినవారి సరసన కూర్చుండిన క్రీస్తు మాత్రము ఆతని మనస్సును వీడిపోలేదు. వార్ధక్యమున వ్రాసిన 'క్రీస్తుచరిత్ర'కు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చెను. ఆ కవియే తన్ను ఏ మతమునకును కట్టుబడని విశ్వనరునిగా చెప్పుకొనెను. కావున ఆతని అభ్యున్నతిని మిషను ఖాతాలో సంపూర్ణముగా వ్రాయుటయు, శాస్త్రిగారి ఖాతాలో వ్రాయుటయు రెండును తొందరపాటే. పేదఱికము, కులమతభేదము అను నిరువురను ఆతడే తన గురువులుగా పేర్కొనినాడు గదా.

చెళ్లపిళ్ల వేంకటశాస్త్రిగారు జాషువ కాలికి గండపెండేరము తొడిగిన ఘట్టమును వర్ణించుటకు తరగతిలో పావుగంట దొరకును. వినుకొండ సభకు ఒక్క నిమిషమును దొరకదు. పెద్దల ఔదార్యము చెప్పుట హాయి, పెద్దల కాఠిన్యము చెప్పుట ఇబ్బంది. ఆ ఇబ్బందిని తప్పించుకొనిన ఉపాధ్యాయుని, చివరి బల్లపై కూర్చున్న బాలుడెవడైన లేచి, "అయ్యా, హంస ఉండగా, చిలుక ఉండగా, గబ్బిలమునే యేల పంపినాడు?" అని యడిగినచో ఆయన ఏమి చెప్పగలడు? మనిషిని వెలుపల నిలిపిన గుడిలోనే గబ్బిలము చూరు పట్టుకొని వ్రేలాడుచుండునని చెప్పవలెనన్నచో, ముందుగా ఆ గుడి తలుపును గూర్చి చెప్పియుండవలెను.